ఫిర్యాదు సాకు కాదు: క్వార్టర్‌బ్యాక్ గస్ వెల్చ్ మనకి చెప్పేది

పోస్టు పొడుగ్గానే ఉంది. తీరిక చూసుకుని చివరిదాకా చదవండి. తిట్టాలనిపిస్తే చదివాక తిట్టండి.

ఈ నెలలో మన గ్రూపులో ఒకే ఫోటో నాలుగుసార్లు వచ్చింది. పాత నలుపు తెలుపు ఫోటో. ఒక ఆదివాసీ క్రీడాకారుడు నిలబడి ఉంటాడు. రెండు కాళ్లకి రెండు రకాల బూట్లు, సాక్సులు కూడా జత కుదరవు. పోటీకి ముందు ఇతని బూట్లు ఎవరో ఎత్తుకెళ్లారట, దొరికిన బూట్లేసుకుని ఒలింపిక్స్‌లో బంగారు పతకం కొట్టాడట. కింద పెద్ద అక్షరాలతో తీర్పు: "నువ్వు మాత్రం సాకులు చెప్తున్నావు."

పోయిన వారం ఒక హాస్టల్ తమ్ముడు ఇక్కడే నాలుగు లైన్లు రాశాడు. స్పోర్ట్స్ కిట్లు రాలేదు, జోనల్ మీట్‌కి ఉత్త కాళ్లతో వెళ్తున్నాం, అడిగితే కసురుతున్నారు అని. ఆ పోస్టు కింద మన పెద్దలే ఈ ఫోటో తెచ్చి పెట్టారు. పైగా లైకులు. సాయంత్రానికి తమ్ముడు తన పోస్టు తీసేసుకున్నాడు. ఆ నాలుగు లైన్ల కోసమే మేము ఇంత పొడుగు పోస్టు రాస్తున్నాం.

మేము అంటే ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో చదువుకుని బయటికొచ్చిన కొందరం. ట్రంకు పెట్టె మోసుకుని బస్సు దిగినవాళ్లం, క్యూలో పళ్లెం పట్టుకున్నవాళ్లం. ఫోటోలో ఉన్నాయన మీద మాకు గౌరవమే తప్ప ఇంకోటి లేదు. మా గొడవంతా ఆ ఫోటో కింద రాసిన తీర్పుతోనే. ఎందుకంటే ఆ కథ సగమే చెప్తున్నారు. మిగతా సగంలో ఇంకో ఆదివాసీ కుర్రాడున్నాడు. ఫోటోలో ఉన్నాయనకి రూమ్మేటు, ఒకే టీములో ఆడినవాడు. అతను ఫిర్యాదు చేశాడు. సంతకాలు సేకరించాడు. ఏకంగా అమెరికా పార్లమెంటు కమిటీని తమ స్కూలు గేటు దాకా రప్పించాడు. అతని ఫోటో మన గ్రూపులో ఒక్కసారి కూడా రాలేదు.

ఫోటోలో ఉన్నాయన జిమ్ థార్ప్. శాక్ అండ్ ఫాక్స్ తెగ మనిషి. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో పెంటథ్లాన్, డెకథ్లాన్ రెండింట్లోనూ బంగారు పతకాలు గెలిచాడు. అప్పటికి ఆయన పెన్సిల్వేనియాలోని కార్లైల్ ఇండియన్ ఇండస్ట్రియల్ స్కూల్లో ఉండేవాడు. ఆయన రూమ్మేటు గస్ వెల్చ్. విస్కాన్సిన్ అడవుల నుంచి వచ్చిన ఓజిబ్వే కుర్రాడు. ఇంట్లో చాలామందిని క్షయ తీసుకుపోతే మిగిలినవాడు. కార్లైల్ ఫుట్‌బాల్ టీముకి క్వార్టర్‌బ్యాక్.

ముందు ఆ స్కూలేంటో తెలియాలి. 1879లో రిచర్డ్ హెన్రీ ప్రాట్ అనే సైనికాధికారి ఒక పాత సైనిక బ్యారక్‌లో దాన్ని పెట్టాడు. ఆదివాసీ పిల్లల్ని తల్లిదండ్రుల దగ్గర్నుంచి వందల వేల మైళ్లు రైల్లో తీసుకొచ్చి, జుట్టు కత్తిరించి, పేరు మార్చి, యూనిఫాం తొడిగి, సొంత భాష మాట్లాడితే శిక్షించే చోటు అది. పిల్లాడిలోని ఆదివాసీని చంపేస్తేనే మనిషిని కాపాడినట్టని ప్రాట్ బహిరంగంగానే చెప్పుకున్నాడు. సగం రోజు చదువు, సగం రోజు పని. ఆ పైన 'అవుటింగ్' పేరుతో తెల్లవాళ్ల ఇళ్లకి, పొలాలకి పనికి పంపేవాళ్లు. 39 ఏళ్లలో దాదాపు 140 తెగల నుంచి పది వేల మందికి పైగా పిల్లలు అక్కడికొచ్చారు. వాళ్లలో పట్టా పుచ్చుకుని బయటికెళ్లినవాళ్లు వెయ్యి మంది కూడా లేరు. స్కూలుకి సొంత శ్మశానం ఉండేది. ఆ ఊళ్లో 180కి పైగా సమాధులు ఉండేవి. తమ పిల్లల అస్థికలు తమకివ్వమని తెగలు అడగ్గా అడగ్గా, 2017 నుంచి అమెరికా సైన్యం తవ్వి ఇంటికి పంపుతోంది.

అలాంటి చోట ఫుట్‌బాల్ మొదలైంది. మనం ఆడే ఫుట్‌బాల్ కాదిది. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో పట్టుకుని, ఒకరినొకరు గుద్దుకుంటూ ముందుకి తోసుకెళ్లే అమెరికన్ ఆట. హార్వర్డ్, యేల్ లాంటి గొప్పింటి పిల్లల కాలేజీల ఆట అది. అందులో క్వార్టర్‌బ్యాక్ అంటే బంతి ఎవరి చేతికెళ్లాలో, ఏ పక్కకెళ్లాలో చెప్పేవాడు. ఈరోజుల్లో కోచ్ గీత బయట నిలబడి ప్రతి ఎత్తూ తనే చెప్తాడు. ఆ రోజుల్లో రూలు వేరు. ఆట నడుస్తుండగా బయటినుంచి కోచ్ చెప్పకూడదు. మైదానంలో ఉన్న కుర్రాడే చూసుకోవాలి, ఎత్తు తనే వెయ్యాలి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

1911 నవంబర్‌లో వెల్చ్ క్వార్టర్‌బ్యాక్‌గా ఉన్న కార్లైల్, హార్వర్డ్‌ని వాళ్ల ఊళ్లోనే 18–15తో ఓడించింది. తర్వాతి ఏడాది, 1912 నవంబర్ 9న, వెస్ట్ పాయింట్‌లో సైనిక అకాడమీ టీమును 27–6తో ఓడించింది. ఆ ఆటకి ఎందుకంత పేరంటే, రేపటి సైనికాధికారులు ఒక పక్క, ఆ సైన్యం చేతిలో తాతల్ని, తండ్రుల్ని పోగొట్టుకున్న తెగల పిల్లలు ఇంకో పక్క. ఊండెడ్ నీ మారణకాండ జరిగి అప్పటికి 22 ఏళ్లే. సైన్యం టీములో డ్వైట్ ఐసన్‌హోవర్ అనే కుర్రాడున్నాడు. తర్వాత అమెరికా అధ్యక్షుడయ్యాడు. ఆ రోజు అతను పట్టుకోలేకపోయిన టీముకి ఎత్తులు చెప్పింది మన ఓజిబ్వే కుర్రాడు. బరువులో, ఎత్తులో అవతలివాళ్లు పెద్దవాళ్లు. కార్లైల్ వాళ్లు గెలిచింది వేగంతో, తెలివితో.

ఇంతవరకు చదివి గుండె పొంగిందా? మాకూ పొంగింది. అక్కడ ఆగిపోతే మాత్రం ఆ ఫోటో పెట్టినవాళ్లు చేసిన తప్పే మనమూ చేసినట్టు.

ఆ గెలుపు ఎవరి ఖాతాలో పడిందో చూడండి. కార్లైల్ ఆటల్లో చాలా భాగం సొంతూళ్లో జరిగేవి కావు. పెద్ద ఊళ్లకి, పెద్ద మైదానాలకి రైల్లో వెళ్లి ఆడేవాళ్లు, ఎందుకంటే టికెట్ల డబ్బంతా అక్కడే. ఆ డబ్బు ప్రభుత్వ లెక్కల్లోకి రాకుండా 'అథ్లెటిక్ అసోసియేషన్' అనే వేరే ఖాతాలోకి పోయేది. దాని మీద పెత్తనం కోచ్ పాప్ వార్నర్‌ది. అతని ఇల్లు కూడా ఆ డబ్బుతో కట్టిందే. టీములో ఆడేవాళ్లకి వేరే బస, మంచి తిండి. మిగతా పిల్లలకి రొట్టె ముక్క కూడా సరిపడా దొరికేది కాదు. ఊరికి పెద్ద మనుషులొస్తే స్కూలు వాళ్లు చూపించేది ఫుట్‌బాల్ కప్పులు, బ్యాండు మేళం. వంటగది చూపించరు. ఆసుపత్రి వార్డు చూపించరు.

చదువుతుంటే ఎక్కడో చూసినట్టు లేదూ?

తర్వాత 1913 జనవరి వచ్చింది. జిమ్ థార్ప్ ఒలింపిక్స్‌కి ముందు రెండు వేసవులు నార్త్ కరోలినాలో కొద్దిపాటి డబ్బుకి బేస్‌బాల్ ఆడాడని పేపర్లో పడింది. డబ్బు తీసుకుని ఆడినవాడు ఒలింపిక్స్‌కి పనికిరాడని అప్పటి రూలు. తెల్ల కాలేజీల పిల్లలు చాలామంది అదే పని దొంగపేర్లతో చేసేవాళ్లు. థార్ప్ సొంత పేరుతో ఆడాడు, దొరికిపోయాడు. అప్పుడు గురువుగారు ఏం చెయ్యాలి? శిష్యుడి పక్కన నిలబడాలి. వార్నరూ, సూపరింటెండెంట్ మోజెస్ ఫ్రీడ్‌మనూ మాకేమీ తెలీదని చేతులు దులుపుకున్నారు. ఆ రెండు వేసవులూ తమ స్కూలు స్టార్ ఆటగాడు ఎక్కడున్నాడో కోచ్‌కి తెలీదంటే చరిత్ర రాసినవాళ్లలో చాలామంది నమ్మరు. పతకాలు వెనక్కి పోయాయి. తిరిగి ఇవ్వడానికి ఒప్పుకున్నది 1982లో, అప్పటికి థార్ప్ చనిపోయి 29 ఏళ్లు. ఆ రెండు పోటీల్లో ఆయన ఒక్కడే విజేత అని రికార్డు సరిచేసింది 2022లో.

ఇప్పుడు చెప్పండి. ఈయన ఫోటో కింద "సాకులు చెప్పకు" అని ఎలా రాస్తారు? బూట్లు పోయినా నోరెత్తని మనిషికి చివరికి దక్కిందేంటి? నోరెత్తకపోవడం ఆయన్ని కాపాడిందా?

మనకి ఏకలవ్యుడి కథ చిన్నప్పట్నుంచీ తెలుసు. మన పిల్లల గురుకులాలకి ప్రభుత్వం ఆయన పేరే పెట్టింది. కానీ ఆ కథలో గురువు అడిగింది బొటనవేలు. శిష్యుడు ఎందుకని అడగలేదు, కోసి ఇచ్చేశాడు. మనం ఆ పేరు చూసి గర్వపడుతున్నాం, మంచిదే. అడగకపోవడాన్ని కూడా గొప్పతనంగా నేర్చుకుంటున్నాం, అది మంచిది కాదు.

రూమ్మేటుకి జరిగింది గస్ వెల్చ్ దగ్గర్నుంచి చూశాడు. టీములో పేరున్న ఆటగాడతను. తిండికి లోటు లేదు, పడకకి లోటు లేదు. నోరు మూసుకుని ఆడుకుంటే నష్టం లేదు. అలాంటివాడు 1913–14 చలికాలంలో ఒక అర్జీ పట్టుకుని తోటి విద్యార్థుల దగ్గరికెళ్లాడు. స్కూల్లో జరుగుతున్నవాటి మీద విచారణ చెయ్యండి అని అందులో కోరారు. రెండు వందల మందికి పైగా విద్యార్థులు సంతకాలు పెట్టారు. అర్జీ వాషింగ్టన్‌కి చేరింది. ముందు ఇండియన్ వ్యవహారాల శాఖ నుంచి లినెన్ అనే ఇన్‌స్పెక్టర్ వచ్చి తనిఖీ చేశాడు. 1914 ఫిబ్రవరిలో పార్లమెంటు ఉభయసభల కమిటీ కార్లైల్‌కి వచ్చి కూర్చుని పిల్లల మాట విన్నది.

పిల్లలు చెప్పారు. తిండి చాలడం లేదన్నారు. ఒక అమ్మాయి, 18 ఏళ్లది, అవుటింగ్ పనికి వెళ్లనన్నందుకు బ్యాండ్ మాస్టర్ తనని చెక్కతో కొట్టాడని చెప్పింది. ఆటగాళ్లు వార్నర్ గురించి చెప్పారు. అతని బూతులు, ఆటగాళ్లని చూసే తీరు, టికెట్ల డబ్బు సంగతి అన్నీ బయటపెట్టారు. వెల్చ్ కూడా కూర్చుని సాక్ష్యం చెప్పాడు. తనకి ఆట నేర్పిన కోచ్ మీద, మొహమాటం లేకుండా. అథ్లెటిక్ ఖాతా పుస్తకాలు బల్ల మీదికొచ్చాయి. ఆటగాళ్లకిచ్చిన డబ్బులు, పేపర్ వాళ్లకిచ్చిన డబ్బులు కూడా అందులో కనిపించాయి.

ఏమైంది? ఫ్రీడ్‌మన్ పదవి పోయింది. తర్వాత కోర్టు కేసులో నిర్దోషిగా బయటపడ్డాడు, అది కూడా చెప్పాలి. బ్యాండ్ మాస్టర్ని తీసేశారు. వార్నర్ ఆ ఏడాది సీజన్ అయ్యాక పిట్స్‌బర్గ్ యూనివర్సిటీకి కోచ్‌గా వెళ్లిపోయాడు. అతనికి పెద్ద నష్టమేం జరగలేదు. ఇప్పటికీ అమెరికాలో చిన్నపిల్లల ఫుట్‌బాల్ సంఘం అతని పేరుతోనే నడుస్తోంది. ఎవరి పేరు మిగిలిందో, ఎవరి పేరు మనం ఈరోజు వెతికి రాయాల్సి వచ్చిందో గమనించండి.

ఇక్కడ కొందరు అన్నలు అడిగే ప్రశ్నలు మాకు తెలుసు. ముందే జవాబు చెప్తాం.

మొదటిది, "ఆట నేర్పినవాడి మీదే ఫిర్యాదా? తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం కదా?" అంటారు. ఎవరి ఇల్లు, ఎవరి వాసాలు? కార్లైల్‌లో పిల్లలకి పెట్టిన రొట్టె ఎవరి దయ కాదు. వాళ్ల తెగల భూములు లాక్కున్న ప్రభుత్వం పెట్టిన రొట్టె అది. అదీ సరిపడా పెట్టలేదు. మన హాస్టల్లో పెట్టే అన్నమూ అంతే. వార్డెన్ గారి ఇంట్లోంచి రాలేదు. బడ్జెట్‌లో మన పేరు మీద రాసిన డబ్బుతో వచ్చింది. పెట్టినవాడికి కృతజ్ఞత చెప్పొచ్చు, తప్పులేదు. లెక్క అడిగితే కృతజ్ఞత లేనట్టు కాదు.

రెండోది, "ఫిర్యాదులు చేసీ చేసీ ఉన్న స్కూలు మూయించుకున్నారు" అంటారు. కార్లైల్ 1918లో మూతపడింది, నిజమే. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ సైనికుల ఆసుపత్రికని సైన్యం తన బ్యారక్ తను తీసుకుంది. విచారణ తర్వాత స్కూలు పరపతి తగ్గింది, ఫుట్‌బాల్ టీము మళ్లీ లేవలేదు, అదీ నిజమే. కానీ సంతకం పెట్టిన పిల్లలు స్కూలు మూసెయ్యమని అడగలేదు. సరిగ్గా నడపమని అడిగారు. పిల్లల్ని కొడుతూ, అర్ధాకలితో ఉంచుతూ నడిచిన స్కూలు పరపతి తగ్గితే ఆ తప్పు కొట్టినవాళ్లదా, చెప్పినవాళ్లదా? మన దగ్గర కూడా ఇదే బెదిరింపు వింటాం. "పేపర్లో వస్తే స్కూలు ఎత్తేస్తారు, మీ పిల్లలే నష్టపోతారు" అంటారు. ఎత్తెయ్యకుండా చూడాల్సింది వాళ్ల బాధ్యత. దాన్ని పన్నెండేళ్ల పిల్లాడి నెత్తిన పెట్టకండి.

మూడోది, "వెల్చ్ ఏమైపోయాడు? కెరీర్ పోగొట్టుకున్నాడా?" అంటారు. ఇది మన పిల్లల అసలు భయం కాబట్టి వివరంగా చెప్తాం. పోగొట్టుకోలేదు. అదే ఊళ్లో ఉన్న డికిన్సన్ లా స్కూల్లో న్యాయశాస్త్రం చదివాడు. కాంటన్ బుల్‌డాగ్స్ టీములో జిమ్ థార్ప్‌తో కలిసి డబ్బుకి, ఈసారి బహిరంగంగా, ఫుట్‌బాల్ ఆడాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలో అధికారిగా పనిచేశాడు. 1919 నుంచి 1922 దాకా వాషింగ్టన్ స్టేట్ కాలేజీకి హెడ్ కోచ్. తర్వాత 1930లలో హాస్కెల్ అనే ఇంకో ఆదివాసీ విద్యాసంస్థలో కోచ్. 1970లో చనిపోయాడు. 1975లో కాలేజ్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో పేరు చేర్చారు. ఆటని ద్వేషించినవాడైతే జీవితమంతా పిల్లలకి ఆట నేర్పేవాడా? అతనికి ఆటంటే ప్రాణం. ఆ ఆటని అడ్డం పెట్టుకుని తోటి పిల్లల ఆకలిని దాచడమే అతనికి గిట్టలేదు.

నిజం చెప్పాలంటే ఫిర్యాదు చేసిన ప్రతివాడికీ ఇంత మంచి జరగదు. ఆ రెండు వందల మందిలో మిగతావాళ్ల పేర్లు మనలో ఎవరికీ తెలియవు. అందుకే వెల్చ్ చేసిన పనిలో మాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది ఒకటుంది. అతను ఒక్కడే ఉత్తరం రాసి ఊరుకోలేదు. తనకున్న పేరుని ముందు పెట్టి, పేరు లేని రెండు వందల మందిని వెనక నిలబెట్టుకున్నాడు. స్టార్ ఆటగాడిని గెంటెయ్యడం స్కూలుకి కష్టం. ఆ కష్టాన్ని అతను మిగతా పిల్లలకి గొడుగులా పట్టాడు. మైదానంలో క్వార్టర్‌బ్యాక్ చేసే పనే బయట కూడా చేశాడు. గీత బయట ఉన్నవాడు చెప్తాడని కాచుకుని కూర్చోలేదు. లోపల ఉన్నవాడిగా తనే చూశాడు, తనే ఎత్తు వేశాడు.

ఇప్పుడు మన సంగతికొద్దాం.

మేము చదివిన చోట్ల పేర్లు రాయం, రాయాల్సిన అవసరమూ లేదు, చదివినవాళ్లకి వాళ్ల హాస్టలే గుర్తొస్తుంది. మా బ్యాచ్‌లో ఒకడు పరుగులో స్టేట్ మీట్ దాకా వెళ్లాడు. తండా నుంచి వచ్చినవాడు, బండరాళ్ల మీద పరిగెత్తి అలవాటు. పతకం తెచ్చిన రోజు గేటుకి పెద్ద ఫ్లెక్సీ కట్టారు. ఫ్లెక్సీలో మావాడి తల చిన్నగా ఒక మూల, మధ్యలో ఎవరెవరో. అదే వారం మా డార్మిటరీలో ముగ్గురికి జ్వరాలు. బోరు మోటారు కాలిపోయి పది రోజులు, వాగు నీళ్లే గతి. ఆఫీసర్ల విజిట్ అన్నారు. మావాడిని పతకంతో గేటు దగ్గర నిలబెట్టారు. జ్వరమొచ్చిన ముగ్గురినీ ముందు రోజే ఇంటికి పంపేశారు. విజిట్ బాగా జరిగింది. ఆ రోజు గుడ్డు కూడా పెట్టారు.

మావాడు ఆ రోజు మాట్లాడలేదు. మేమూ మాట్లాడలేదు. "నోరిప్పితే టీసీ చేతిలో పెడతాం, సెలక్షన్‌కి కూడా పంపం" అని ముందే చెప్పారు. పిల్లలం, భయపడ్డాం. ఇంటికెళ్లిన ముగ్గురిలో ఒకడు తిరిగి బడికి రాలేదు. వాడు ఇప్పుడు కూలి పనికి వెళ్తున్నాడు, కనబడితే నవ్వుతాడు, ఏమీ అనడు. ఆ నవ్వు చూసినప్పుడల్లా మాకు ఆ పది రోజులు గుర్తొస్తాయి. అప్పుడు స్టేట్ మెడల్ ఉన్న ఒక్కడు "సార్, నీళ్లు లేవు, ముగ్గురికి జ్వరం" అని విజిట్‌కొచ్చిన సార్‌తో అని ఉంటే? ఆ రోజు గేటు దగ్గర వినిపించే గొంతు వాడిదొక్కడిదే. వాడి పక్కన మేమందరం నిలబడి ఉంటే?

తప్పు వాడిదని అనడం లేదు. వాడికి ఆ మాట చెప్పే పెద్దవాళ్లు లేరు. ఇప్పుడు మీకు మేమున్నాం. అందుకే చెప్తున్నాం.

అన్ని హాస్టళ్లూ కార్లైల్ లాంటివని మేము అనడం లేదు. మా చదువు గురుకులాలు పెట్టిన భిక్షే... ఆగండి, చూశారా, మాకే ఆ మాట నోట్లోంచి వచ్చేసింది. భిక్ష కాదు, హక్కు. మంచి టీచర్లు, తల్లిలా చూసుకున్న వంటమ్మలు, సొంత జేబులోంచి స్పైక్స్ కొనిచ్చిన పీఈటీ సార్లు మాకూ ఉన్నారు. పిల్లలు నోరు విప్పితే వాళ్లకే ముందు మేలు. వంటమ్మకి బియ్యం సరిగ్గా వస్తాయి, పీఈటీ సార్‌కి కిట్లు సరిగ్గా వస్తాయి.

కాబట్టి మా మాట ఇది.

ఆటల్లో పేరు తెచ్చుకున్న తమ్ముళ్లకి, చెల్లెళ్లకి: మీ పతకం మీది, ఎవరూ కాదనరు. కానీ మీ పతకంతో ఎవరైనా వంటగది తలుపు మూస్తుంటే మీకు తెలియాలి. హాస్టల్లో ఎవరి మాటకి విలువుందో వాళ్లే ముందు సంతకం పెట్టాలి. ఆరో తరగతి పిల్లాడిని ముందు పెట్టి మీరు వెనక దాక్కోవద్దు.

రాసేటప్పుడు తిట్లు రాయొద్దు, తేదీలు రాయండి. ఏ రోజు నీళ్లు రాలేదు, ఏ రోజు మెనూలో ఉన్నది పెట్టలేదు, కిట్లు ఎన్ని రావాలి, ఎన్ని వచ్చాయి. ఒక్కరు కాదు, అందరూ సంతకం పెట్టండి. ఒక కాపీ మీ దగ్గర, ఒక కాపీ ఊళ్లో పెద్దల దగ్గర ఉంచండి. ఐటీడీఏ పీవో గారికి, సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే చోట ఇచ్చి రసీదు తీసుకోండి. ఎవరైనా కొడితే, ఇంకేమైనా చేస్తే ఆగొద్దు, 1098కి ఫోన్ చెయ్యండి. కిట్ల డబ్బు ఎక్కడికి పోయిందో తెలియాలంటే సమాచార హక్కు చట్టం ఉంది. ఆ దరఖాస్తు మీ పేరుతో వద్దు, మా పేరుతో పెడదాం. మాకు టీసీ ఇచ్చేవాళ్లెవరూ లేరు.

గ్రూపులో ఉన్న అన్నలకి, అక్కలకి: ఇకమీద ఏ పిల్లాడైనా బూట్లు లేవని రాస్తే ఆ ఫోటో పెట్టకండి. ఏ హాస్టల్, ఎంతమందికి, ఏ సైజు అని అడగండి. ముందు బూట్లు చూద్దాం, తర్వాత లెక్క అడుగుదాం. 1912లో రెండు రకాల బూట్లతో ఒకాయన గెలిచాడంటే అది ఆయన గొప్పతనం. ఆయనకి జత బూట్లు లేకపోవడం మాత్రం ఎవరి గొప్పతనమూ కాదు. 2024 అక్టోబర్‌లో అమెరికా అధ్యక్షుడు ఆ బోర్డింగ్ స్కూళ్ల విషయంలో ఆదివాసీలకి బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. వాళ్ల ప్రభుత్వమే చేయించిన విచారణలో ఆ స్కూళ్లలో చనిపోయిన పిల్లలు కనీసం 973 మంది అని తేలింది. అప్పట్లో ఆ పిల్లలు చెప్పినవన్నీ సాకులే అనుకుని ఉంటారు.

పోస్టు తీసేసుకున్న తమ్ముడూ, నువ్వు ఇది చదువుతుంటావని మాకు తెలుసు. నువ్వు చెప్పింది సాకు కాదు. మళ్లీ రాయి. ఈసారి తేదీతో రాయి, నీతో పాటు జోనల్ మీట్‌కి వెళ్తున్న అందరి పేర్లూ రాయి. కింద మొదటి సంతకాలు మావి ఉంటాయి.

జోహార్.